పేరున్న ర్యామా, పేరులేని ర్యామా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పిల్లల చదువుకు కొన్న కంప్యూటర్ నెమ్మదిస్తే, కొత్తది కొనేకంటే ర్యామ్ పెంచుకోవడమే చౌక. దుకాణంలో పేరున్న రకం ఒకటి, పేరులేని చౌక రకం ఒకటి చూపిస్తారు. ఏది తీసుకోవాలి?

ప్రపంచంలోని ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం తయారుచేసేవి మూడే సంస్థలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కింగ్‌స్టన్, కోర్సెయిర్ వంటి పేరున్న కంపెనీలు కూడా చిప్‌లను బయట కొని, పట్టీపై అమర్చి అమ్ముతాయి. ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్4 ర్యామ్‌కు ప్రమాణ వోల్టేజీ 1.2 వోల్టులు, ఎవరు చేసినా అంతే. కాబట్టి పేరులేనిదల్లా నాసిరకం అనడం తొందరపాటు.

తేడా పరీక్షలో ఉంది. పేరు నిలుపుకోవలసిన కంపెనీ చిప్‌లను ఏరి, పరీక్షించి పంపుతుంది. పేరులేని పట్టీలో తక్కువ శ్రేణి చిప్‌లు ఉండవచ్చు, పాత బోర్డుల నుంచి ఊడదీసినవీ ఉండవచ్చు. కంటికి కనిపించదు.

నష్టం కూడా కంటికి కనిపించదు. ర్యామ్‌లో ప్రతి బిట్ చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. అది కారిపోతూ ఉంటుంది గనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు తిరిగి నింపాలి. ఒక్క గడి బలహీనమైనా 1 కాస్తా 0 అవుతుంది. సర్వర్లలో ఇలాంటి తప్పును దిద్దే ఈసీసీ ఏర్పాటు ఉంటుంది, ఇంటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. కంప్యూటర్ ఆగిపోతే అదృష్టమే, తప్పు తెలిసిపోతుంది. ఆగకపోతే పాడైన ఫైలే భద్రమవుతుంది, దాని నకలూ పాడైనదే అవుతుంది. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏటా 8 శాతానికి పైగా ర్యామ్ పట్టీల్లో తప్పులు కనిపించాయి. వాటిపై వేడి ప్రభావం తక్కువేనని కూడా తేలింది. అందుచేత బిలాస్‌పూర్‌లో 45 డిగ్రీల ఎండను నిందించే ముందు పట్టీని అనుమానించాలి.

కొనేవారు స్టిక్కర్ కంటే ముందు బిల్లు చూడాలి. బిల్లు, మార్చి ఇస్తామన్న హామీ లేని ర్యామ్ ఎంత చౌకైనా వద్దు. అవి ఉంటే, ఆటలకు, పాఠాల వీడియోలకు పేరులేనిదైనా సరిపోతుంది. దుకాణం లెక్కలు, పరిశోధన పత్రాలు, కుటుంబ ఫొటోలు ఉండే కంప్యూటర్‌కు మాత్రం పేరున్నదే మేలు. పేరున్న స్టిక్కర్‌కూ నకిలీలు వస్తాయి గనుక, ఏది కొన్నా ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో ఒక రాత్రంతా పరీక్షించాలి. ఒక్క తప్పు కనిపించినా మర్నాడే దుకాణంలో తిరిగి ఇచ్చేయాలి.