భూమి దేవునిది, కరెంటు బిల్లు ఎవరిది?



ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, యోహాను 6:12, 2 పేతురు 3:10-11

ఈ వారం నేను రాసేది కొందరికి నచ్చదు. ముఖ్యంగా నా తోటి సేవకులకు, సంఘ పెద్దలకు నచ్చదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ విషయంలో ముందుగా దోషిగా నిలబడవలసినవాడిని నేనే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కోతకొచ్చిన వరి నేలకొరిగింది. కోసిన పనలు నీళ్లలో నాని మొలకలెత్తాయి. మా సంఘంలో ఎక్కువమంది కౌలు రైతులు, కూలీలు. ఆ తర్వాత పది రోజులకే మేము క్రిస్మస్ అలంకరణ మొదలుపెట్టాం. మందిరం మీద పెద్ద నక్షత్రం, ప్రహరీ చుట్టూ సీరియల్ సెట్లు, వాకిట్లో నాలుగు ఫోకస్ లైట్లు. అవన్నీ తెల్లవార్లూ వెలిగేవి. కరెంటు పోతే జనరేటర్ వేసేవాళ్లం. ఒక సాయంత్రం ఒక ముసలమ్మ ప్రార్థన చేయించుకోవడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది.

"అయ్యగారూ, మా చేలో చీకటి, మా ఇంట్లో చీకటి. దేవుడింటి మీద మాత్రం రాత్రంతా దీపాలే. ఎవరు చూడాలని?"

నా దగ్గర జవాబు లేకపోయింది. జనవరిలో బిల్లు చేతికొచ్చినప్పుడు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఆ బిల్లు కట్టిన డబ్బులో ఆ అమ్మ కానుక సంచిలో వేసిన పది రూపాయలు కూడా ఉన్నాయి. దేవుడు నన్ను క్షమించును గాక.

ఇప్పుడు ఈ వేసవి సంగతి. మా ఊరి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒక సహోదరుడు, తండ్రిగారి జ్ఞాపకార్థం మందిరానికి నాలుగు ఏసీలు ఇస్తానన్నాడు. "ఈ రోజుల్లో ఏసీ లేని చర్చికి ఎవరొస్తారు పాస్టర్ గారూ?" అని ఫోనులో అడిగాడు. మనసు మంచిదే. సంఘ పెద్దలు సంతోషించారు. నేను మాత్రం పెన్ను, కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా పనిచేసేటప్పుడు సుమారు 1500 వాట్లు లాగుతుంది. నాలుగింటికి 6000 వాట్లు, అంటే గంటకు 6 యూనిట్లు. ఇప్పుడు దొరికే కొత్తరకం పొదుపు ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. ఒక్క ఏసీ కరెంటుతో అలాంటివి 50 ఫ్యాన్లు తిప్పవచ్చు. మా మందిరంలో ఉన్నవే పన్నెండు ఫ్యాన్లు.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? మన దేశంలో పుట్టే ప్రతి పది యూనిట్లలో సుమారు ఏడు బొగ్గు కాల్చినవే. ఒక యూనిట్‌కు అరకిలోకు పైగా బొగ్గు కాలుతుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లిన వాళ్లందరూ ఆ పొగగొట్టాలను చూసే ఉంటారు. ఆ పొగ భూమిని వేడెక్కిస్తోంది. వేడెక్కిన సముద్రం తుఫానులకు బలమిస్తోంది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు, అంటే మన మందిరాలలో చాప మీద కూర్చునే మనుషులే. ఆదివారం రెండు గంటలు వాళ్లను చల్లగా కూర్చోబెట్టి, ఆరు రోజులు వాళ్ల నెత్తిన కాసే ఎండను ఇంకొంచెం పెంచి పంపడం ఏ పరిచర్య?

ఈ మాట చెప్పగానే మన వాళ్ల నోట వచ్చే మొదటి వాక్యము నాకు తెలుసు. "పాస్టర్ గారూ, ఈ లోకం ఎలాగూ కాలిపోయేదే కదా, 2 పేతురు 3:10 చదవలేదా?" చదివాను. మీరు పదో వచనం దగ్గర ఆగిపోయారు, నేను పదకొండు కూడా చదివాను. ఇవన్నీ లయమైపోయేవి గనుక మీరెంత పరిశుద్ధంగా బ్రతకాలి అని అపొస్తలుడు అక్కడ అడుగుతున్నాడు. ఇష్టమొచ్చినట్టు తగలబెట్టుకోండి అని అనలేదు. మీ శరీరం కూడా ఒకనాడు మట్టిలో కలిసేదే. మరి బీపీ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారు? జలప్రళయం వస్తుందని ముందే తెలిసిన నోవహుతో దేవుడు ఓడ కట్టించి, జంతువులను, పక్షులను అందులోకి ఎక్కించాడు. తీర్పు వస్తుందని తెలిసినవాడు సృష్టిని కాపాడాడు. ప్రకటన 11:18 తెరవండి. భూమిని నశింపజేసేవారిని దేవుడు నశింపజేసే కాలం ఒకటి ఉందని అక్కడ ఉంది. ఆ వరుసలో సంఘం నిలబడకూడదని నా భయం.

రెండో మాట: "దేవుడు మనిషికి భూమి మీద అధికారం ఇచ్చాడు." ఇచ్చాడు. ఆదికాండము 1:28 నిజమే. కానీ రెండో అధ్యాయంలో ఆ అధికారం ఎలా చేయాలో కూడా చెప్పాడు. ఆదామును తోటలో పెట్టింది సేద్యం చేయడానికి, కాయడానికి. పొలం మనది కాదు, మనం కౌలుదార్లం. కౌలు రైతు పొలాన్ని చవుడు చేసి అప్పగిస్తే ఆసామి ఊరుకుంటాడా? ఇశ్రాయేలీయులు భూమికి విశ్రాంతి ఇవ్వనందుకు దేవుడు లెక్క కట్టి మరీ వసూలు చేశాడు. 2 దినవృత్తాంతములు 36:21 చూడండి.

మూడో మాట: "ఇది ప్రకృతి పూజ, సువార్త కాదు." విలియం కేరీ గారిని గూర్చి మిషనెరీ దినాన ఎన్ని ప్రసంగాలు చేశాం! ఆయన 1820లో మన దేశంలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించాడని ఒక్కసారైనా చెప్పామా? మన సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ గ్రంథాలను పరిష్కరించి సేరంపూరులో అచ్చు వేయించింది కేరీ గారే. ఆయన చెట్లను పూజించలేదు. వాటిని చేసినవాని మీది గౌరవంతో పెంచాడు. బిల్లీ గ్రాహం గారి పిలుపుతో మొదలైన లోసాన్ ఉద్యమం కూడా 2010 కేప్‌టౌన్ మహాసభలో సృష్టి సంరక్షణను సువార్తకు సంబంధించిన విషయంగానే ఒప్పుకొంది.

నాలుగో మాటలో కొంత న్యాయం ఉంది. "పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు అంత పొగ వదులుతుంటే మన పల్లె చర్చి ఎంత?" నిజమే. ఒక కూలీ కుటుంబం ఏడాదంతా వాడే కరెంటు కొన్ని ఇళ్లలో ఒక నెలకే అయిపోతుంది. అందుకే నేను విశ్వాసుల ఇళ్లలో ఫ్యాను కట్టమని చెప్పడం లేదు. అలా చెబితే నాకు పాపం. నేను మాట్లాడేది కానుకల డబ్బు ఖర్చు పెట్టే మన గురించి. కొంచెములో నమ్మకముగా ఉండడం గూర్చి ప్రభువు చెప్పింది (లూకా 16:10) కానుక పెట్టెకు ఒకలా, మీటరుకు ఒకలా వర్తించదు. పైగా రేపు మన ఊరి చెరువులో రసాయనాలు వదిలేవాడిని నిలదీయాలంటే ముందు మన వాకిలి శుభ్రంగా ఉండాలి.

మన వాకిలి ఎలా ఉందో చూద్దామా? ప్రేమవిందు అయిన మరునాడు వెళ్లి చూడండి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు కాలువలో తేలుతుంటాయి. ఇలాంటి వాడి పారేసే ప్లాస్టిక్‌ను, అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి ప్రభుత్వమే నిషేధించింది. పశువుల పాక కట్టడానికి మనం తెచ్చేది అదే థర్మాకోల్! ఉజ్జీవ కూటాలకు నిలువెత్తు ఫ్లెక్సీలు, వాటి మీద ప్రభువు పేరు కంటే పెద్దగా మన ఫోటోలు. రాత్రి పది దాటితే మైకు ఆపాలని 2000 సంవత్సరం నుంచే నియమం ఉంది. మనం పదకొండుకు కూడా జనరేటర్ మీద మైకు నడిపించి, పక్కింటి పసిపిల్ల నిద్ర చెడగొట్టి, దాన్ని ఉజ్జీవం అంటున్నాం. పర్యావరణ ఆదివారం నాడు ఒక మొక్క నాటి పదిమందిమి ఫోటో దిగుతాం. వచ్చే ఆదివారానికి దానికి నీళ్లు పోసేవాడు ఉండడు.

ఐదు రొట్టెలతో అయిదు వేలమందికి పెట్టిన ప్రభువు, ఇంకో అయిదు వేలమందికైనా పెట్టగల ప్రభువు, మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు. పన్నెండు గంపలు నిండాయి. శక్తి లేనివాడు పొదుపు చేయడంలో గొప్ప లేదు. సమస్తము చేయగలవాడు ఒక్క ముక్క కూడా వృథా పోనివ్వలేదు. ఆయన శిష్యులమని చెప్పుకునే మనం ఖాళీ మందిరంలో లైట్లు, ఫ్యాన్లు వేసి ఇంటికి పోతున్నాం.

మా సంఘంలో ఏం చేస్తున్నామో చెప్తాను, గొప్పకు కాదు. రేకుల కప్పు మీద తెల్లగా సున్నం కొట్టించాం. మధ్యాహ్నపు వేడి తగ్గిందని ముందుగా చెప్పింది సండేస్కూలు పిల్లలే. పాత ట్యూబులైట్ల స్థానంలో ఎల్ఈడీలు పెట్టాం. వేసవిలో ఆరాధన ఉదయం ఏడింటికే మొదలు పెడుతున్నాం. ప్రేమవిందుకు విస్తరాకులు, స్టీలు గ్లాసులు. కడిగే వంతు యౌవనస్థులది, మొదటి వంతు నాది. గత క్రిస్మస్‌కు నక్షత్రం ఒక్కటే పెట్టాం, రాత్రి పదింటికి ఆర్పేశాం. మిగిలిన డబ్బు విధవరాండ్ర సహాయానికి వేరే పుస్తకంలో రాశాం. సంఘం లెక్క అడిగితే చూపించడానికి.

అమెరికా సహోదరునికి కూడా ఉత్తరం రాశాను. "తమ్ముడూ, నీ ప్రేమను కాదనడం లేదు. ఏసీలకు బదులు మీ నాన్నగారి పేరున మందిరం మీద సోలార్ పలకలు పెట్టించు. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. మా ఫ్యాన్లకు, లైట్లకు, మైకుకు రెండు కిలోవాట్లు చాలు" అని. ఇంకా జవాబు రాలేదు. ఒక సంఘ పెద్ద నాతో మాట్లాడడం తగ్గించాడు. వచ్చిన కానుకను కాదన్న పాస్టరు అని పక్క ఊరిలో అనుకుంటున్నారట. అననివ్వండి. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండా ప్రభువు ఎదుట నిలబడడం కంటే ఇది తేలిక.

ప్రియులారా, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పని చేయండి. మీ సంఘం కరెంటు బిల్లు అడిగి చూడండి. అది పాస్టరు గారి సొంత కాగితం కాదు, మీ కానుక. సేవకులారా, అడిగినవారి మీద కోపపడకండి, బిల్లు నోటీసు బోర్డుకు అంటించండి.

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, నీవు కాయమని ఇచ్చిన తోటను మేము కాయలేదు, క్షమించుము. పేదల కానుకను పొగగా మార్చిన మా చేతులను కడుగుము. ఎండలో పనిచేసే నీ బిడ్డలకు నీడనిమ్ము, ఆ నీడగా మమ్మును వాడుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.