ఆ కాగితం ఎవరు రాస్తారు?

మా ఇంట్లో పనిచేసే ఆమె కిందటేడు సంక్రాంతికి రెండు రోజులు రాలేదు. మూడోరోజు చంకలో పిల్ల, చేతిలో బట్టల మూటతో వచ్చింది. మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే "ఇల్లు నా పేరున ఉంది, నువ్వెవరు?" అని అత్త గెంటేసిందట. రెండు రాత్రులూ బస్టాండులోనే పడుకుందట. నేనేం చేశాను? ఇంత ఉప్మా పెట్టి, "పెద్దావిడ కదా, సర్దుకుపో" అన్నాను. నా కథల్లో ఆడవాళ్లు ఎదురు తిరుగుతారు. నా గడపలో నిలబడ్డ మనిషికి మాత్రం ఈ సలహా!

పక్క వాటాలో అద్దెకుండే లా విద్యార్థిని ఇదంతా వింది. "ఇల్లు ఎవరి పేరునున్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది ఆంటీ" అంది. 2005 గృహహింస చట్టంలో ఉందట. భర్త పోయినా ఆ హక్కు పోదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిందట. మరి ప్లీడరుకి డబ్బో? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, కేసులో పస ఉంటే ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడరుని పెడతారు. అంటే ఆమెకే కాదు, నాకూ మీకూనూ! డిగ్రీ చదివిన నాకు ఈ ముక్క తెలీదు. మావారైతే "ఉచిత ప్లీడరు ఉచితంగానే వాదిస్తాడు" అని నవ్వారు. ఉచితం మనకే. ఆయన ఫీజు న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది.

లా చదివే పిల్లలకి సన్నదు ఉండదు, కోర్టులో వాదించకూడదు. కానీ పేదవాళ్లు ఆగిపోయేది కోర్టు మెట్ల దాకా రాకముందే. ఆ అమ్మాయి రెండు సాయంత్రాలు మా వరండాలో కూర్చుని అర్జీ రాసింది. "గెంటేసింది ఏ తారీఖున?" అంటే ఈమెకేం తెలుసు? "భోగి మంటలు వేసిన రాత్రి" అంది. పంచాంగం తిరగేసి తేదీ వేశారు. రేషన్ కార్డు, పెళ్లి ఫోటో వెతికించి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తనే వెంటబెట్టుకు వెళ్లింది.

లా కాలేజీల్లో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008లోనే నిబంధన పెట్టింది. అయితే చాలాచోట్ల ఏడాదికో శిబిరం, ఓ బ్యానరు, నాలుగు ఫోటోలు. అదీ పగలు పదకొండింటికి! నాలుగిళ్లలో పనిచేసే మనిషి ఆ వేళకి ఎలా వస్తుంది? సాయంత్రాలు బస్తీలోనే కూర్చోండర్రా అంటాను నేను. ఇంకోటి, కోర్స్ అయిపోయి వెళ్లేటప్పుడు ఆ ఫైలు జూనియర్ల చేతిలో పెట్టి వెళ్లండి. మీ పరీక్షలతో ఆవిడ కేసు అయిపోదు. అలాంటి పిల్లలెవరూ దగ్గర్లో లేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు.

మా ఆమె ఇప్పుడు అదే ఇంట్లో ఓ గదిలో ఉంటోంది. అత్తాకోడళ్లకి మాటల్లేవు, మనవరాలు మాత్రం రెండు వంటిళ్లలోనూ తింటోంది. కేసు నడుస్తోంది. ఆ అమ్మాయి చదువు పూర్తయి ఊరెళ్లిపోయింది. వచ్చే వాయిదాకి ఫైలు పట్టుకుని నేను వెళ్తున్నాను.