పూలలోయలో ఒక రాయి



అడవి పువ్వులను చూడమని ప్రభువు మత్తయి 6వ అధ్యాయంలో చెప్పాడు. మనం బంతి, మల్లె, కనకాంబరాల మధ్య పెరిగినవాళ్లం. మంచుకొండల పూలు చూసినవారు మనలో తక్కువ. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో పూలలోయ అని ఒకటున్నది. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడి గొర్రెల కాపరులకు ఎప్పటినుండో తెలిసిన చోటే అయినా, 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తూ అక్కడికి చేరిన ఫ్రాంక్ స్మైత్ దొర 1938లో పుస్తకం వ్రాశాకే లోకం దాని పేరు విన్నది.

ఏడాదిలో సగానికి పైగా అక్కడ మంచే. మంచు మొక్కను చంపుతుందని మనం అనుకుంటాం. కాని అదే దానికి దుప్పటి. పైన గాలి ఎంత కొరికినా, దట్టంగా పడిన మంచు క్రింద నేల అంతగా చల్లబడదు; వేళ్లు బ్రతికే ఉంటాయి. ఇటువంటి కొండపూలలో చాలావాటికి వచ్చే యేటి మొగ్గ ఈ యేడే లోపల తయారై ఉంటుంది. వేసవి రెండు మూడు నెలలే గనుక, మంచు కరగగానే విచ్చుకోవాలి. బ్రహ్మకమలాన్ని చూడండి. మనం రేకులనుకునే ఆ పలుచని పొరలు రేకులు కావు, ఆకులే. లోపలున్న చిన్నచిన్న ఊదారంగు పూలను చలి తగలకుండా గాజుగదిలాగా కప్పి కాపాడతాయి. నీలి గసగసాల పువ్వైతే రాళ్ల సందుల్లో పూస్తుంది, ఒళ్లంతా ముళ్లతో.

ఈ పూలను సేకరించడానికి 1939లో లండన్‌లోని క్యూ ఉద్యానవనం తరఫున జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆమె వచ్చింది. వయస్సు 54. జూలై 4న కొండవాలులో కాలు జారి పడి చనిపోయింది. తరువాత ఆమె సహోదరి అంత దూరం వచ్చి సమాధిమీద రాయి పెట్టించింది. దానిమీద 121వ కీర్తన మొదటి వచనం చెక్కి ఉంది. కొండలే ప్రాణం తీసిన చోట, కొండలవైపు కన్నులెత్తే వచనం!

మా సంఘంలో ఒక తల్లి ఉన్నది. నర్సు పని చేసే కూతురు డ్యూటీకి వెళుతూ బస్సు ప్రమాదంలో పోయింది. "మంచి పనిమీద పోయిన బిడ్డే గదా అయ్యగారూ, ఎందుకు కాపాడలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించడం నాకు చేతకాలేదు. ఈ రాయి సంగతి చెప్పాను.

మన తెలుగు బైబిలులో ఆ వచనం ప్రశ్నతోనే ఆగుతుంది. జవాబు రెండవ వచనంలో ఉంది.

"రాతిమీద రెండవ వచనం లేదా అయ్యగారూ?"

"లేదమ్మా."

ఆమె చాలాసేపు ఊరకున్నది. "అంత దూరం నడిచి వచ్చిందంటే, అది ఆ సహోదరి మనసులో ఉండే ఉంటుంది లెండి" అన్నది.