రిపోర్టు మీద పేరు ఒక్కటే, క్రిమి ఒక్కటి కాదు

పోయిన నెల మా వాడకట్టు అక్క ఒకామె రెండు కాగితాలు పట్టుకొని వచ్చింది. ఒకటి ఆమె పెనిమిటిది, ఇంకోటి మరిదిది. మరిదికి కడుపు ఆపరేషన్ అయింది. ఐసీయూలో శ్వాస మిషను మీద ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఇంజెక్షన్లు ఇచ్చిన్రు, పక్షం రోజులకు నడిచి ఇంటికొచ్చిండు. పెనిమిటి సంగతి వేరే. పదేండ్ల కింద టీబీ వచ్చి, కోర్సు పూర్తి చేసి నయమైండు గని దగ్గు పోలేదు. పొద్దున లేస్తే పచ్చటి తెమడ. రెండు కాగితాల మీద క్రిమి పేరు ఒక్కటే: సూడోమోనాస్ ఎరుజినోసా.

"అన్నా, పురుగు ఒక్కటే గదా. మరిదికి పోయింది, ఈయనకు మూడేండ్ల సంది ఎందుకు పోతలేదు? మాకిచ్చిన మందులు నకిలీవా?" అని అడిగింది.

అక్క అడిగింది న్యాయమైన మాటే. గాని పేరు ఒక్కటైనంత మాత్రాన క్రిమి ఒక్కటే అనుకోవద్దు. నా చదువు నాలుగో తరగతి. మనుమరాలు మైక్రోబయాలజీ చదువుతది. ఆమెను కూసోపెట్టుకొని నాలుగు రోజులు అడిగి అడిగి తెలుసుకున్న సంగతి రాస్తున్న.

ఈ క్రిమిని 1882లో గెస్సార్డ్ అనే ఫ్రెంచి ఆయన వేరుచేసి చూపించిండు. పుండ్లకు కట్టిన గుడ్డలు ఉత్తపుణ్యానికి నీలం పచ్చగ ఎందుకు మారుతున్నయని చూస్తే ఇది దొరికింది. ఎరుజినోసా అంటే లాటిన్ భాషలో రాగి చిలుము రంగుది అని అర్థం. చింతపండు పెట్టి తోమకపోతే రాగి చెంబుకు పచ్చగ పడుతది చూడుండ్రి, ఆ చిలుము. నేను దీన్ని చిలుము క్రిమి అనే పిలుస్త, నోటికి సులువు. తడి ఉన్న కాడల్లా ఇది బతుకుతది. నల్లా మూతి, సింకు రంధ్రం, తడి మట్టి, ఆస్పత్రి గొట్టాలు, అన్నీ దానికి ఇండ్లే. మంచిగున్న ఛాతీలోకి పోతే ఊపిరి గొట్టాలు ఊడ్చి బయట పారేస్తయి. టీబీతోటి గొట్టాలు సాగి వదులైన ఛాతీలో ఊడ్చే చీపురు పనిచెయ్యదు. గొట్టాలు అట్ల సంచుల లెక్క అయిన రోగాన్ని డాక్టర్లు బ్రాంకియెక్టాసిస్ అంటరు.

ఇగ అసలు ముచ్చట. సోలాపూర్ చద్దర్ నేసే జకార్డు మగ్గం మనలో శానా మందికి తెలుసు. పువ్వు ఎట్ల రావాలె, నెమలి ఎక్కడ రావాలె అన్నది అట్ట కార్డుల రంధ్రాలే చెప్తయి. క్రిమి లోపల కూడ అసుంటి కార్డులే ఉంటయి, వాటినే డీఎన్ఏ అంటరు. టీబీ క్రిమి కార్డుల్లో సుమారు 44 లక్షల అక్షరాలు. చిలుము క్రిమివి 63 లక్షలు దాకా. ఈ లెక్క 2000 సంవత్సరంలో తేలింది. ఇంత పెద్ద కార్డుల కట్ట ఉన్నది కాబట్టే నీళ్ళలో, మట్టిలో, పుండులో, ఛాతీలో ఎక్కడైనా బతికే ఉపాయం దానికి దొరుకుతది.

క్రిమి రెండు ముక్కలైనప్పుడల్లా కార్డుల కట్ట మొత్తం నకలు తీయాలె. నకలులో ఒకటి అర రంధ్రం తప్పు పడుతది. తప్పులు సరిచూసే మేస్త్రి కూడ క్రిమి లోపలనే ఉంటడు.

మరిది ఛాతీలోకి వచ్చింది బయటి క్రిమి. నీళ్ళలోంచో, గొట్టంలోంచో, ఎవరి చేతిలోంచో అప్పుడే వచ్చింది. తోక ఆడించుకుంట ఈదుతది, విషం కక్కుతది, జోరు మీద ఉంటది. ప్రాణం తీసేంత ప్రమాదం. గాని సరిపడే మందు టయానికి పడితే చచ్చిపోతది. మారెటందుకు దానికి టైము దొరకదు.

పెనిమిటి ఛాతీలో ఉన్నది ఏండ్ల కిరాయిదారు. వచ్చినప్పుడు అదీ అసుంటిదే. ఉండంగ ఉండంగ తోక వదిలేస్తది, ఈదే పని లేదు గదా. విషం తగ్గిస్తది. జిగురు కారించుకొని, గంజి పెట్టిన పోగు లెక్క పొర కప్పుకుంటది. ఆ పొర లోపలికి మందు సరిగ పోదు. మెల్లగ పెరుగుతది, మెల్లగ పెరిగే క్రిమిని చంపుడు కష్టం. ఇట్ల మారినవాటి పిల్లలు, పిల్లల పిల్లలు ఒక్కొక్కటి ఒక్కో తీరు. కుడి ఊపిరితిత్తిలో ఒక తీరు, ఎడమదానిలో ఇంకో తీరు ఉండొచ్చు.

అమెరికాలో ఒక పసిబిడ్డకు పుట్టుకతోనే తెమడ చిక్కబడే రోగం ఉండె. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటరు, యూరప్ మూలాల వాళ్ళలో ఎక్కువ. ఆ బిడ్డకు ఆరు నెలలప్పుడు తీసిన క్రిమిని, ఎనిమిదేండ్లప్పుడు తీసిన క్రిమిని పక్కపక్కన పెట్టి చూసిన్రు. కార్డుల్లో 68 మార్పులు కనపడ్డయి. ఇది 2006లో బయటికొచ్చిన సంగతి.

నాకు దానికంటే స్పెయిన్ దేశం సంగతి బాగా తగిలింది. 2000లో అక్కడి డాక్టర్లు అదే రోగం ఉన్న 30 మందిని చూసిన్రు. అందులో 11 మంది ఛాతీలో తప్పులు సరిచూసే మేస్త్రి చెడిపోయిన క్రిములు దొరికినయి. మేస్త్రి లేకపోతే తప్పులు కుప్పలు పడుతయి. శానా తప్పులు క్రిమికే నష్టం. గాని ఎప్పుడో ఒకటి మందును తట్టుకునే ఉపాయం అవుతది. అదే చిలుము క్రిమి కొత్తగ సోకిన వేరే రోగులను 75 మందిని చూస్తే ఒక్కరిలో కూడ అసుంటిది దొరకలేదు. అక్క చేతిలో రెండు కాగితాలకు ఉన్న తేడా ఇదే.

ఇంగ్లండులో లివర్‌పూల్ కాడ ఇంకో తీరు జరిగింది. ఒక్కో బిడ్డకు వాళ్ళ వాళ్ళ నీళ్ళలోంచి వేరే వేరే క్రిమి వస్తదని అనుకునేటోళ్ళు. 1996లో పిల్లల క్లినిక్కులో కార్డులు పోల్చి చూస్తే శానా మంది బిడ్డల్లో ఒక్కటే జాతి ఉన్నది. అంటే ఒకరి నుంచి ఒకరికి పాకింది. తర్వాత ఆ జాతి సోకినవాళ్ళ తెమడ తీసి, ఒక్కో తెమడలో నలభై మచ్చలు ఏరి చూసిన్రు. ఒకటే జాతి, మళ్ళ అందులో ఎన్నో తీర్లు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ డాక్టర్లు అంతకు ముందే, 1980లు మొదట్లోనే, క్రిమి ఉన్న పిల్లలను లేని పిల్లలను వేరే వేరే రోజులు రమ్మన్నరు. ఒకే కష్టం ఉన్న పిల్లలు పక్కపక్కన కూసొని ఆడుకోవద్దంటే ఆ తల్లులకు ఎట్లుంటదో మనం అనుకోవచ్చు.

ఇదంత తెల్లోళ్ళ రోగం, మనకేంది అనకుండ్రి. మన దేశంలో 31 ఆస్పత్రుల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల లెక్క తీసి 2019లో అచ్చేసిన్రు. మూడింట ఒకవంతు కంటే ఎక్కువ మందికి కారణం పాత టీబీనే. తెమడలో అన్నిటికంటే ఎక్కువ దొరికింది ఈ చిలుము క్రిమినే. మిల్లు చాళ్ళలో, బీడీల ఇండ్లలో టీబీ ఎన్ని కొంపలు తిరిగిందో నేను చెప్పే పని లేదు.

అక్క ఇంకో మాట మెల్లగ అడిగింది. ఇంట్ల చిన్న పిల్లలున్నరు, ఆయన పళ్ళెం, గ్లాసు వేరే పెట్టాల్నా అని. వద్దు. టీబీ మళ్ళ రాలేదని పరీక్షలో తేలినంక, ఉత్త చిలుము క్రిమి ఉన్నదని మనిషిని వేరు చెయ్యద్దు. మంచి ఛాతీ ఉన్నోళ్ళను అది పట్టదు. పాత టీబీ, దమ్ము ఉన్న ఇంకో ముసలాయన ఇంట్ల ఉంటే మాత్రం ఎదురెదురుగ కూసొని దగ్గొద్దు, ఆవిరి మిషను పంచుకోవద్దు. మన గల్లీలల్ల ఒక్క నెబులైజరు నాలుగిండ్లు తిరుగుతది, అదే నాకు భయం. మందు పోసే గిన్నె, మాస్కు ఎవరివి వాళ్ళకే ఉండాలె. వాడినంక కడిగి, కాచిన నీళ్ళతో అలికి, పూర్తిగ ఆరబెట్టాలె. తడిగ డబ్బాలో మూత పెడితే చిలుము క్రిమికి ఇల్లు కట్టిచ్చినట్టే.

గోలీల సంగతి. పక్కింటాయనకు తగ్గిందని ఆయన మిగిల్చిన గోలీలు తెచ్చి వేసుకునేటోళ్ళున్నరు. అమోక్సిసిలిన్ ఈ క్రిమి మీద అసలే పనిచెయ్యదు. సిప్రో పనిచెయ్యొచ్చు, గాని అరకొరగ వేస్తే క్రిమి తొందరగ మొండికేస్తది. ఇంకో నష్టం కూడ ఉన్నది. సిప్రో జాతి గోలీలు టీబీని కొన్ని రోజులు అణిచిపెడుతయి, అప్పుడు పరీక్షలో టీబీ దొరకక ఆలస్యమైతది.

తెమడ ఇచ్చేటప్పుడు కొత్త మందు మొదలుపెట్టక ముందే ఇయ్యాలె. పొద్దుగాల నోరు పుక్కిలించి, ఛాతీ లోతులోంచి దగ్గి తీయాలె, ఉమ్మి కాదు. తీసిన డబ్బా మధ్యాహ్నం దాకా ఎండల పెట్టకుండ తొందరగ ల్యాబుకు చేర్చాలె. ల్యాబులో కొన్ని మచ్చలనే ఏరి మందులు పెట్టి చూస్తరు, అందుకే రిపోర్టులో పనిచేస్తదని రాసిన మందు ఛాతీలో సగమే పనిచెయ్యొచ్చు. అప్పుడు డాక్టరును మార్చేకంటే మళ్ళ తెమడ ఇయ్యుడు మేలు. మూడేండ్ల కిందటి రిపోర్టు, ఈ ఏడుది పక్కపక్కన పెడితే క్రిమి ఎటు మారుతున్నదో డాక్టరుకు తెలుస్తది. అక్క ఇంట్ల పాతవి ఉన్నయా అంటే, రేషన్ కార్డు పెట్టిన ట్రంకు అడుగున ఐదు దొరికినయి. తారీఖుల వరుసగ సూది దారంతో కుట్టి ఇచ్చిన.