శంఖములోని సన్న్యాసి

చిత్తూరు సీమవారికి చెరువుగట్టున, వరిమడిలో కనిపించు ఎండ్రకాయ పాత పరిచయమే. సముద్రపు జీవులు మాత్రము వారికి కొంత దూరపు చుట్టములు. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతములు చేరుటచే, పులికాటు సరస్సును బంగాళాఖాతపు తీరమును ఇప్పుడు ఇరుగుపొరుగైనవి. తీరమునకు విహారమునకై పోయిన బాలురు ఇసుకలో శంఖములను ఏరుకొందురు. ఒక్కొక్కప్పుడు ఏరిన శంఖమే కాళ్లు చాచి నడువసాగును. అదియే సన్న్యాసి పీత. ఉప్పునీటి గాజుతొట్లలో, పగడపు జీవుల సరసన దీనిని పెంచువారును కలరు. ఇట్లు దీనిని ఇంటికి తెచ్చుట తగునా?

ముందుగా దీని బ్రతుకు తెలిసికొనవలెను. ఈ జీవికి ముందు భాగము గట్టి పెంకుతో కప్పబడియున్నను, ఉదరము మెత్తనిది. దానిని దాచుకొనుటకు ఇది చచ్చిన నత్తల గుల్లలలో దూరి నివసించును. ఒడలు పెరిగినకొలది ఇల్లు ఇరుకగును. పెద్ద గుల్లను వెదకుకొనవలెను. మంచి గుల్ల దొరికినచోట అనేక పీతలు చేరి, పెద్దది విడిచినదానిలో దానికంటె చిన్నది, అది విడిచినదానిలో మరియొకటి ప్రవేశించుట శాస్త్రజ్ఞులు గమనించియున్నారు. జాడిలో నివసించెనని ప్రసిద్ధికెక్కిన గ్రీకు తత్త్వవేత్త డయోజెనీసు పేరు వీనిలో ఒక తెగకు పెట్టబడినది. అయినను పేరునకే ఇది సన్న్యాసి. సన్న్యాసి ఇల్లు విడిచి బ్రతుకును. ఈ పీత ఇల్లు లేక బ్రతుకజాలదు.

ఇట్టి జీవిని పెంచుట యనగా దానికొక చిన్న సముద్రమును కల్పించుటయే. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. నీరు ఆవిరియైనను ఉప్పు ఆవిరికాదు. కావున తరిగినంత మంచినీటిని పోసి సరిచేయుచుండవలెను. మిగిలిన మేత కుళ్లినచో అమ్మోనియా పుట్టును, అది విషము. దానిని మార్చు సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. చేపల రోగమునకు వాడు రాగి మందు చేపను బ్రతికించినను పీతను చంపగలదు. రాయలసీమ ఎండలకు నీరు వేడెక్కినచో అందలి ప్రాణవాయువు తగ్గును; విద్యుత్తు ఆగినచో నీటిని కదలించు యంత్రమును ఆగును.

నాచును, మిగిలిన మేతను తిని తొట్టిని శుభ్రపరచునని దీనిని మెచ్చుకొందురు. కాని ఖాళీ గుల్లలు లేనిచో, ఇదియే ప్రక్కనున్న నత్తను చంపి దాని గుల్లను ఆక్రమించును. అట్టి తప్పు పీతది కాదు. దానికి ఇల్లు చూపని యజమానునిది.

జీవిని దగ్గరగా చూచినగాని బాలురకు ప్రకృతిపై ప్రేమ పుట్టదని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. తెలిసి, ఓర్పుతో పెంచువాని తొట్టి ఒక పాఠశాలయే. కాని నాలుగు దినముల వేడుకకై తెచ్చి, సీసాలో చంపి పారవేయుటలో నేర్చునదేమి? ఈ పీతల పిల్లలు నీటిలో తేలుచు అనేక దశలు దాటవలసియుండుటచే తొట్టిలో వానిని పెంచుట మిక్కిలి కష్టము. కావున అమ్మకమునకు వచ్చునవి చాలవరకు సముద్రమునుండి పట్టినవే. ఇక పగడపు జీవులను సముద్రమునుండి తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

ఖాళీ శంఖమును తెచ్చుకొన్న దోషమేమని అడుగవచ్చును. మనుష్యునకు అది ఆటవస్తువు. పీతకు అది రేపటి ఇల్లు. ఛాయాచిత్రముల నాధారముగా చేసి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో, నేలపై సంచరించు 16 జాతుల సన్న్యాసి పీతలలో 10 జాతులు ప్లాస్టిక్ మూతలవంటి చెత్తను గుల్లగా ధరించినట్లు తెలిసినది. తీరమున శంఖమును తీసికొని మూతను విడిచిపోవుట ఎట్టి న్యాయము?

పెంచదలచినవాడు ముందు నేర్చుకొనవలెను. నేర్చి, నిత్యము కాపాడగలిగిననే పెంచవలెను. అంత ఓపిక లేనివారికి తీరమే తగిన చోటు. పీతను ఇసుకపై నుంచి, కదలక కొంతసేపు వేచియున్నచో అది మెల్లగా కన్నులు పైకెత్తి, కాళ్లు చాచి, తన ఇంటిని మోసికొని పోవును. చూచినవాని కుతూహలమును తీరును. పీత బ్రతుకును నిలుచును.