బాడుగ భారము – మన బాధ్యత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. నేడు కోయంబత్తూరులోను, మధురలోను బాడుగకు ఇల్లు వెదకువాని కష్టము ఆ రెండింటికిని తీసిపోదు. పప్పు, నూనె ధరలు పెరిగినప్పుడు కుటుంబము ఒక పూట కూరనైనను తగ్గించుకొనగలదు. బాడుగను తగ్గించుకొనుట దాని చేతిలో లేదు.

కారణములు అందరి కన్నుల యెదుటనే యున్నవి. 1888లో తొలి నూలు మిల్లు వెలసి, 1932లో పైకారా విద్యుత్తు వచ్చిన పిమ్మట కోయంబత్తూరు మిల్లుల నగరమైనది. పీలమేడులో మన పూర్వులు సేద్యము చేసిన నేలలపై నేడు కళాశాలలు, ఆసుపత్రులు, కంప్యూటరు కార్యాలయములు నిలిచియున్నవి. మధురలో మీనాక్షి ఆలయము చుట్టునుగల మాసి వీథులు అంగళ్లతో నిండినవి. కాపురమునకంటె అంగడికి ఎక్కువ బాడుగ వచ్చుచోట కాపురము నిలుచుట యెట్లు? తాతలనాటి ఇండ్లు వాటాలై అమ్ముడుపోవుచున్నవి. చిన్న జీతముల వారు ఊరి వెలుపలికి తరలుచున్నారు.

వారితో తరలిపోవునది సామాను మాత్రమే కాదు. నాయకరాజుల కాలము నుండి ఇచ్చట మన భాష నిలిచినది ప్రక్కప్రక్కనున్న వాకిళ్ల వలన. 2006వ సంవత్సరపు చట్టముతో బడులలో తమిళము తప్పనిసరియైనది. ఉన్న నాటి భాష నేర్చుట ధర్మమే. కాని తెలుగునకు ఇక ఇల్లును, వీథియునే బడులు. అవ్వ ఒకచోట, మనుమడు పది మైళ్ల దూరమున నున్న, ఆ బడి మూతపడినట్లే.

ఇండ్ల యజమానులలో మనవారును పెక్కుమంది కలరు. 2019 ఫిబ్రవరి నుండి అమలులోనున్న బాడుగల చట్టము, వేరు ఒడంబడిక లేనియెడల, మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు గైకొనరాదనుచున్నది. ఆ 'వేరు ఒడంబడిక'ను అడ్డు పెట్టుకొని పది నెలలది అడుగు వాడుక ఇంకను పోలేదు. బాడుగ 12,000 రూపాయలైనచో అడ్వాన్సు 36,000కు బదులు 1,20,000 అగును. కొత్తగా కాపురము పెట్టిన గుమాస్తా అంత సొమ్ము వడ్డీకి తెచ్చి మనకు వడ్డీ లేకుండ ఇచ్చుచున్నాడు. వర్తకులమైన మనకు ఈ లెక్క తెలియనిది కాదు.

బాడుగయే జీవనాధారమైన వృద్ధులను దానిని వదలుకొమ్మని మేము కోరము. పన్నులును, మరమ్మతులును యజమానికి తప్పవు. ఇతర భాషలవారికి తలుపు మూయుడనియు మేము చెప్పము. మన పూర్వులకు ఈ నేల చోటిచ్చినది. మేము కోరునది మూడే: అడ్వాన్సు మూడు నెలలకు మించనీయకుడు, ఒప్పందము వ్రాతమూలకముగ చేసికొనుడు, పోర్షను ఖాళీయైనచో దళారికంటె ముందు సంఘమునకు తెలుపుడు. సంఘమును అందుకొక చిట్టా తెరువవలయును. తాత ఇల్లు అమ్మదలచినవారు తమ్ములను, దాయాదులను ఒక మాట అడిగి అమ్ముట మంచిది.

నగరపు ధరలను మనము దింపజాలము. మన ఇంటి బాడుగ మాత్రము మన చేతిలోనిదే.