తొలి కంటైనర్‌ కంటే ముందు చిరునామా చూడండి

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెవెన్యూ ఇంటెలిజెన్స్‌ డైరెక్టరేట్‌ (డీఆర్‌ఐ) అధికారులు రెండు కంటైనర్లు తెరిచారు. పత్రాల ప్రకారం అందులో ఉన్నది అఫ్గానిస్తాన్‌ నుంచి ఇరాన్‌లోని బందర్‌ అబ్బాస్‌ మీదుగా వచ్చిన బలపపు రాయి. జంబో సంచుల్లో పైన ఉన్నదీ రాయే. అడుగున మాత్రం హెరాయిన్‌, మొత్తం 2,988 కిలోలు. దిగుమతిదారు చిరునామా విజయవాడలోని ఒక ఇల్లు. ఆ చిరునామా తప్ప నగరంతో ఆ సరుకుకు సంబంధం లేదని పోలీసులే ప్రకటించారు. బలపపు రాయి గనులు మన అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లోనే ఉన్నాయి. విశాఖ, కృష్ణపట్నం రేవులూ దగ్గరే. విజయవాడ సంస్థకు అఫ్గాన్‌ రాయి ముంద్రాలో ఎందుకు దిగుతోంది? అది నేరానికి రుజువు కాదు కానీ, ఆరా తీయడానికి చాలినంత కారణం. నిఘా సమాచారం అంది ఉండకపోతే ఆ సంచులు రేవు దాటేవి.

లోపం రేవులో కంటే కాగితాల్లోనే ఎక్కువగా ఉంది. దిగుమతి, ఎగుమతి కోడ్‌ 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే వస్తుంది. దిగుమతిదారు ఆ చిరునామాలో నిజంగా పనిచేస్తున్నాడో లేదో కస్టమ్స్‌ బ్రోకర్‌ నిర్ధారించుకోవాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. అయితే నమ్మదగిన పత్రాలు చూస్తే సరిపోతుంది, స్వయంగా వెళ్లనక్కర్లేదు. అందుకే మా కోరిక ఒక్కటే: కొత్త దిగుమతిదారు తొలి కంటైనర్‌ విడుదలయ్యేలోపు అధికారి ఆ చిరునామాకు వెళ్లి, ఫొటోలతో నివేదిక పెట్టాలి. జీఎస్టీలో ఇలాంటి తనిఖీకి నిబంధన ఇప్పటికే ఉంది, దాన్ని కస్టమ్స్‌కు ముడిపెడితే చాలు.

కంటైనర్లన్నిటినీ స్కాన్‌ చేస్తే పోదా అంటారు కొందరు. తమ దేశానికి వచ్చే ప్రతి కంటైనర్‌నూ విదేశీ రేవులోనే స్కాన్‌ చేయాలని అమెరికా 2007లో చట్టం చేసింది. 2012 నాటి గడువును పొడిగిస్తూ పోవడమే తప్ప అమలు చేయలేకపోయింది. ఇన్‌స్పెక్టర్ల వేధింపులు మళ్లీ మొదలవుతాయన్న చిన్న వ్యాపారుల భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే తనిఖీ ఒక్కసారే జరగాలి, ఏడు రోజుల్లో ముగియాలి. ఆలోగా అధికారి రాకపోతే సరుకును ఆపకుండా రేవులోనే పూర్తిగా తనిఖీ చేసి పంపాలి. అసలువాడెవరో దొంగ ఎవరో తెలియని వ్యవస్థలో అనుమానం అందరి మీదా పడుతుంది, అందరి సరుకూ ఆలస్యమవుతుంది. గుంటూరు మిర్చి, భీమవరం రొయ్యలు పంపేవారికి ఆ ఆలస్యం ఖరీదు వేరే చెప్పనక్కర్లేదు.

వర్తక సంఘాలు ఈ మేరకు తీర్మానం చేసి కేంద్ర ఆర్థిక శాఖకు, మన ఎంపీలకు పంపాలని కోరుతున్నాం.